వెబ్‌ఎస్‌వీఎన్‌కు ఎల్‌డాప్ లాగిన్ పెట్టడం: లాగిన్ అయ్యాక ఏం కనిపించాలో కూడా చూసుకోండి

కర్నూలు ఆఫీసులో అందరి అకౌంట్లూ ఓపెన్‌ఎల్‌డాప్‌లో (అకౌంట్లన్నీ ఒకేచోట ఉంచే ఎల్‌డాప్ డైరెక్టరీ సర్వర్) ఉన్నాయి, వెబ్‌ఎస్‌వీఎన్‌లోనూ (ఎస్‌వీఎన్ రిపాజిటరీలోని కోడ్‌ను బ్రౌజర్‌లో చూపించే సాఫ్ట్‌వేర్) అదే పాస్‌వర్డ్ పనిచేయాలి, ఎలా అని అడిగారు. నేను అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ సర్వర్లు చూసుకుంటాను. మా దగ్గరా ఇదే ఏర్పాటు నడుస్తోంది.

వెబ్‌ఎస్‌వీఎన్ సెట్టింగుల్లో ఎల్‌డాప్ కోసం వెతక్కండి. లాగిన్ అడిగే పని వెబ్ సర్వర్ అయిన అపాచీది. అపాచీ కాన్ఫిగ్‌లో ఎల్‌డాప్ మాడ్యూళ్ళు ఆన్ చేసి, ఆథ్‌బేసిక్‌ప్రొవైడర్‌కు ఎల్‌డాప్ అని ఇచ్చి, ఆథ్‌ఎల్‌డాప్‌యూఆర్‌ఎల్‌లో సర్వర్ పేరు, బేస్ డీఎన్ (డైరెక్టరీలో ఎక్కడి నుంచి వెతకాలో), యూఐడీ (లాగిన్ పేరు ఉండే గడి) రాయండి; మామూలు ఆథ్‌టైప్ బేసిక్, ఆథ్‌నేమ్, రిక్వైర్ వాలిడ్-యూజర్ లైన్లు కూడా ఉండాలి. దానికి ముందు అదే మెషీన్ నుంచి ఎల్‌డాప్‌సెర్చ్ కమాండ్ కొట్టి మీ పేరు దొరుకుతోందో లేదో చూడండి. అక్కడ దొరకకపోతే అపాచీని ఎంత మార్చినా ఫలితం ఉండదు. బ్రౌజర్ నుంచి అపాచీకి హెచ్‌టీటీపీఎస్, అపాచీ నుంచి ఎల్‌డాప్‌కు 636 పోర్టు గానీ 389 మీద స్టార్ట్‌టీఎల్‌ఎస్ (ఆ కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) గానీ తప్పనిసరి. బేసిక్ ఆథ్‌లో (అపాచీ లాగిన్ అడిగే ఈ పద్ధతిలో) పాస్‌వర్డ్ దాదాపు బట్టబయలుగానే వెళ్తుంది, పైగా అది ఆ మనిషి అన్నిచోట్లా వాడే పాస్‌వర్డ్.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడి నుంచే. వెబ్‌ఎస్‌వీఎన్ మామూలుగా రిపాజిటరీని నేరుగా డిస్క్ మీద నుంచి, అపాచీ యూజర్ హక్కులతో చదువుతుంది. చెకౌట్ (కోడ్ దించుకోవడం) కోసం మీరు రాసుకున్న ఆథ్‌జెడ్ నిబంధనలు (ఎవరు ఏ ఫోల్డర్ చూడొచ్చో చెప్పేవి) దానంతట దానికి తెలియవు. అంటే లాగిన్ అయిన ప్రతివాళ్ళకూ అన్నీ కనిపిస్తాయి. మా దగ్గర పరీక్షల విభాగం కోడూ, పిల్లల ప్రాజెక్టులూ ఒకే సర్వర్‌లో ఉంటాయి కాబట్టి ఇది నాకు చిన్న విషయం కాదు. వెబ్‌ఎస్‌వీఎన్ కాన్ఫిగ్‌లో యూజ్‌యాక్సెస్‌ఫైల్ అనే లైనుకు ఆ ఆథ్‌జెడ్ ఫైల్ దారి ఇవ్వండి (పాత వెర్షన్లలో ఆ లైను పేరు యూజ్‌ఆథెంటికేషన్‌ఫైల్). తర్వాత ఏ హక్కూ లేని ఒక మామూలు అకౌంట్‌తో లాగిన్ అయి చూడండి. అడ్మిన్ అకౌంట్‌తో చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఆథ్‌జెడ్ ఫైల్‌కు ఎల్‌డాప్ గ్రూపులు తెలియవు. మేము గ్రూపుల జాబితాను ఎల్‌డాప్ నుంచి తీసి ఆ ఫైల్ రాసే చిన్న స్క్రిప్టును క్రాన్‌లో (పెట్టిన వేళకు దానంతట నడిపేది) పెట్టుకున్నాం. ఇంకోటి: ఎల్‌డాప్ యూఐడీలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడదు, ఆథ్‌జెడ్ చూస్తుంది. పేరు పెద్దక్షరాల్లో కొట్టినవాళ్ళు లాగిన్ అవుతారు గానీ వాళ్ళ రిపాజిటరీ వాళ్ళకే కనపడదు. అపాచీలో ఆథ్‌ఎల్‌డాప్‌రిమోట్‌యూజర్‌ఆట్రిబ్యూట్ అనే లైనుకు యూఐడీ ఇస్తే డైరెక్టరీలో ఉన్న రూపమే తీసుకుంటుంది, ఆ గొడవ తీరుతుంది.

ఏటా ఒక బ్యాచ్ వెళ్ళిపోతుంది కాబట్టే మేము ఒకేచోట అకౌంట్లు పెట్టుకున్నాం. అకౌంట్ మూసిన మరుక్షణమే యాక్సెస్ పోలేదని కంగారు పడకండి. అపాచీ ఎల్‌డాప్ జవాబులను మామూలుగా 600 సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది. తొందరైతే అపాచీని రీస్టార్ట్ చేయండి. అదే సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీలతో (పాస్‌వర్డ్ బదులు వాడే కీ ఫైళ్ళు) గిట్ (ఎస్‌వీఎన్ లాంటిదే ఇంకో కోడ్ వ్యవస్థ) కూడా నడుస్తుంటే మాత్రం, వెళ్ళిపోయినవాళ్ళ కీలను విడిగా తీసేయాలి. అందరూ ఒకే గిట్ యూజర్‌తో వచ్చే చోట ఎల్‌డాప్‌లో అకౌంట్ మూసినా పాత కీ పనిచేస్తూనే ఉంటుంది.