స్కాన్ రోజుకి ముందు

అమ్మలూ,

వచ్చే నెల మళ్లీ పెట్ స్కాన్ అట కదా. తారీఖు ఖాయమైన దగ్గర్నుంచి నీకు కంటిమీద కునుకు లేదని మీ అమ్మ చెప్పింది. లింఫోమా అనే క్యాన్సర్‌తో నేనూ ఆ బల్ల ఎక్కినదాన్నే, అందుకే రాస్తున్నాను.

వాళ్లు చెప్పే నియమాలు చూడు. ముందురోజు అన్నం, తీపి తగ్గించాలి, బరువు పనులు చేయకూడదు. ఆరు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. ఇంజెక్షన్ అయ్యాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. ఉపవాసం, మౌనం మన ఇంట్లో కొత్తవా? మీ అమ్మమ్మ కార్తీక సోమవారాలు ఎంత ఇష్టంగా చేసేదో నీకు గుర్తే. ఇదీ నీ అంతట నువ్వు పట్టిన నోము అనుకుని చెయ్యి.

కారణం తెలిస్తే ఇంకా తేలిక. ఇంజెక్షన్‌లో ఇచ్చే ఆ మందు గ్లూకోజు లాంటిదే, దానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి ఉంటుంది. దాన్ని ఎక్కువగా లాక్కున్న చోటు స్కాన్ బొమ్మలో వెలుగుతుంది, జబ్బును అలాగే పట్టుకుంటారు. ఆ గంటలో మాట్లాడితే గొంతు కండరాలు, నమిలితే దవడలు, చలేస్తే మెడ దగ్గరి కొవ్వు దాన్ని లాగేసుకుని బొమ్మలో వెలుగుతాయి. అందుకని శాలువా, మేజోళ్లు తప్పకుండా తీసుకెళ్లు. దుప్పటి చాలకపోతే మొహమాటపడకుండా ఇంకోటి అడుగు.

ఫోన్ ఉండదు, పుస్తకం ఉండదు. ఆ గంటే అందరికీ బరువు. నేను మాత్రం మా ఊరి వీధి నడిచొస్తాను. రామాలయం దగ్గర మొదలుపెట్టి ఇంటింటి ముందూ ఆగుతాను. ఎవరి అరుగు ఎత్తు, ఎవరి పెరట్లో కరివేపాకు చెట్టు, ఎవరింట్లో నాకు మజ్జిగ పోశారు, అన్నీ తలుచుకుంటాను. చెరువు గట్టు చేరేలోపే నర్సు వచ్చి లేపేస్తుంది. నీకు మీ హాస్టలు ఉంది, బడి ఉంది. ఒక చోటు ఎంచుకో, ప్రతిసారీ అక్కడికే వెళ్లు.

మెడలో బంగారం తీయమంటారు, లోహం ఉంటే బొమ్మ చెదురుతుంది కాబట్టి. కిందటిసారి అక్కడ నీకు ఏడుపు ఆగలేదట. ఈసారి ఇంట్లోనే దీపం పెట్టాక పుస్తెలతాడు తీసి దేవుడి దగ్గర ఉంచి, పసుపు కొమ్ము కట్టిన దారం వేసుకో. వాళ్లు అడిగితే ఇందులో లోహం లేదని చెప్పు.

అయితే ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. వీటిని రిపోర్టుతో ముడిపెట్టకు. ఫలానా చీర కట్టుకుంటేనే బాగా వస్తుందని మొదలైందా, ఆ చీర దొరకని రోజు ప్రాణం పోయినంత పనవుతుంది. లోపల ఉన్నది ఉన్నట్టే బొమ్మలో పడుతుంది. మనం చేసేదంతా ఆ రోజు మనం నిలబడడానికి.

అయ్యాక నీళ్లు బాగా తాగు. మందులోని రేడియోధార్మికత 110 నిమిషాలకు సగమవుతుంది, ఆపైన అంతేసేపటికి మళ్లీ సగం. వాళ్లు చెప్పినంతసేపు బాబును ఎత్తుకోకు. వాడు ఏడుస్తాడు, మీ అత్తగారికి ముందే చెప్పి పెట్టు. వెంట వచ్చినవాళ్లతో కూర్చుని వేడివేడి పెసరట్టు తిను, ఇంటికెళ్లి తినొచ్చులే అనుకోకు.

రిపోర్టు ఫోన్‌కి వస్తే రాత్రిపూట ఒంటరిగా తెరవకు. మెదడు ఎప్పుడూ వెలుగుతుంది, మూత్రాశయం వెలుగుతుంది, మానుతున్న పుండూ, జలుబుకు వాచిన గ్రంథీ వెలగొచ్చు. అందులో ఏది మామూలో, ఏది కాదో పాత బొమ్మల పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. పాత సీడీలన్నీ తారీఖుల వరసన ఒకే సంచిలో సర్దుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లు, మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని విను. ఆయన రాసుకుంటాడు, నీకు సగం వినబడదు.

బయటికి రాగానే నాకు ఫోన్ చెయ్యి. మంచైనా చెడైనా ముందు నాకే చెప్పు, మీ అమ్మకి ఎలా చెప్పాలో ఇద్దరం ఆలోచిద్దాం.

నీ పెద్దమ్మ