ఎర్బా ప్యూరానా, కిర్కేనా?

ఎర్బా ప్యూరా, కిర్కే అనే రెండు పర్‌ఫ్యూముల్లో ఏది కొనాలని అడిగారు. ఆఫీసుకూ పెళ్లిళ్లకూ ఒకటే సీసా కావాలన్నారు కాబట్టి నా ఓటు జెర్జాఫ్ కంపెనీ వారి ఎర్బా ప్యూరాకే. రెండూ ఇటలీవే, రెండూ తీపివే. ఎర్బా ప్యూరాలో ముందు నారింజ, నిమ్మ, బెర్గమాట్ (నిమ్మజాతి పండు) వాసనలు పలకరిస్తాయి. తర్వాత అంబర్ (వెచ్చని తీపి వాసన), వెనిలా, మస్క్ (కస్తూరి లాంటి వాసన) గంటల తరబడి వదలవు. టిజియానా టెరెంజి వారి కిర్కేలో ప్యాషన్ ఫ్రూట్, పీచ్, రాస్ప్‌బెర్రీ బాగా మగ్గిన పండ్లబుట్టలా మీద పడతాయి. అడుగున చందనం, పచౌలి (మట్టివాసన గుర్తుచేసే ఆకు). చలికాలపు విందుకు అద్భుతం, మూసిన ఏసీ గదిలో పక్కవాళ్లకు శిక్ష!

అలాగని ఎర్బా ప్యూరా సాధువేమీ కాదు. ఆఫీసుకు ఒక్క స్ప్రే చాలు, అదీ చొక్కా లోపల. ముందు చిన్న శాంపిళ్లు తెప్పించి, చెరొక చేతికి కొట్టుకుని సాయంత్రం దాకా ఆగండి. కొన్ని రకాల మస్క్ కొందరి ముక్కుకు అందదు. వాసన పోయిందనిపిస్తే మళ్లీ కొట్టుకోకుండా ఇంట్లోవాళ్లను అడగండి.