నాలుగేళ్ల బాబుకి జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు, ఆయుర్వేదం మొదలుపెట్టి ఇన్‌హేలర్ ఆపేయొచ్చా?

ఆయుర్వేదం వాడండి, తప్పేం లేదు, కానీ ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మా అమ్మాయికి కూడా ఇంచుమించు మీ బాబు వయసులోనే మొదలైంది, ముక్కు కారడం మొదలైతే చాలు అది ఛాతీలోకి దిగిపోయి రాత్రంతా కూతలు, పక్క గదిలోకి వినపడేవి. మేము రెండూ వాడాం, ఇప్పటికీ మూలికలు వాడుతూనే ఉన్నాం, కాకపోతే ఏది దేనికో తెలుసుకుని.

మేం చూపించిన ఆయుర్వేద డాక్టరు కౌమారభృత్యం అంటే పిల్లల వైద్యమే ప్రత్యేకంగా చదివినాయన. ఆయన మొదట తేల్చుకున్నది ఇది ఉత్త పడిశం దగ్గా, ఉబ్బసమా అని. చిన్నపిల్లలకి ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు రావడం మామూలే, ఏ మందూ వెయ్యకపోయినా చాలావరకు వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది, "ఫలానా కషాయం పట్టిస్తే తగ్గిపోయింది" అనేవాళ్లలో సగంమంది సంగతి ఇదేనని నా అనుమానం. ఉబ్బసం అలా కాదు, గాలిగొట్టాలు లోపల వాచి, బిగుసుకుపోయి, గాలి బయటికి రావడానికే కష్టపడుతుంది, అందుకే ఆ కూత. ఆ బిగువుని నిమిషాల్లో వదిలించేది రిలీవర్ పఫ్, అంటే కూత వచ్చినప్పుడు కొట్టే ఇన్‌హేలర్ ఒక్కటే, ఆ టైంలో తులసి రసం తీసి పోస్తూ కూర్చోకూడదు. ఇన్‌హేలర్‌కి అలవాటు పడిపోతారని చుట్టాలు భయపెడతారు చూడండి, కూతలు రాకుండా రోజూ వాడే కంట్రోలర్ ఇన్‌హేలర్‌లో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, ఎక్కువగా ఊపిరితిత్తుల మీదే పనిచేస్తుంది, ఆపాలన్నా తగ్గించాలన్నా అది రాసిన డాక్టరే చెప్పాలి. ఈ మాట మాకు చెప్పింది ఆ ఆయుర్వేద డాక్టరే.

మామూలు దగ్గుకి మాత్రం మూలికలు బాగానే ఉపయోగపడ్డాయి. మాకు బాగా పడింది సితోపలాది చూర్ణం, కలకండ 16 పాళ్లు, వెదురుప్పు 8, పిప్పళ్లు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1, సగానికి పైగా కలకండే కాబట్టి తేనెలో రంగరించి పెడితే మారాం చెయ్యకుండా నాకేసేది. నిజానికి అందులో తేనె వాటా ఎంతో చూర్ణం వాటా ఎంతో నేను చెప్పలేను, ఎందుకంటే రాత్రి పడుకోబోయే ముందు ఒట్టి తేనె నాకించినా దగ్గు కొంచెం నెమ్మదిస్తుంది. ఏడాది నిండని బిడ్డకి మాత్రం తేనె చుక్క కూడా వద్దు, బొట్యులిజం అని నరాలని పట్టేసే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. ఇక అడ్డసరం ఆకు గురించి, అందులో ఉండే వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే కఫాన్ని పలచన చేసే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది, ఇంగ్లీషు దగ్గు సిరప్‌లలో ఉండే ఆంబ్రాక్సాల్ కూడా ఆ కుటుంబమే. అంచేత అడ్డసరం లేహ్యం పెడుతూ పైన ఆ సిరప్ కూడా పోస్తే ఒకే రకం మందు రెండుసార్లు వేసినట్టు, ఇద్దరు డాక్టర్లకీ రెండోవాళ్లు ఏం రాశారో చూపించండి. ఇంగ్లీషు సిరప్‌లంటే భయపడి ఇటు వస్తున్నారంటే అర్థం చేసుకోగలను, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడొద్దని లేబుల్ మీద వెయ్యాలని 2023లో మన కేంద్ర డ్రగ్ కంట్రోల్ వాళ్లే చెప్పారు.

కానీ "మనది కదా, ఏం కాదులే" అని చేసేవే నాకు ఎక్కువ భయం. కర్పూరం నూనెలో కాచి ఛాతీకి రాయడం, గుడ్డలో కట్టి వాసన చూపించడం, ఇవి రెండేళ్లలోపు వాళ్లకి అస్సలు వద్దు, పొరపాటున నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి, పెద్దపిల్లలైనా సరే. ముక్కులో నూనె చుక్కలు వేస్తే, ఏడుస్తున్న బిడ్డకి ఆముదం పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి అదో రకం న్యుమోనియా వస్తుంది. మాటలు త్వరగా వస్తాయని వసకొమ్ము అరగదీసి పిల్లల చేత నాకిస్తారు, అందులో బీటా ఆసరోన్ అనే హానికరమైన పదార్థం ఉంటుంది, మంచిది కాదు. సాంబ్రాణి పొగ సంగతి సరేసరి, మా ఇంట్లో సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చుట్ట మూడూ మానేశాక కూతలు తగ్గినంతగా ఏ చూర్ణానికీ తగ్గలేదు, దాని మీద ఇంట్లో పెద్ద గొడవే అయింది అది వేరే కథ.

బాబు నిద్రలో ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి నిమిషానికి 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వేగంగా ఉన్నట్టే, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, మాట్లాడలేక తాగలేక పోతున్నా, మగతగా పడుంటున్నా ఇంట్లో వైద్యం కాదు, వెంటనే ఆసుపత్రికే.

ఆఖరుగా ఒకటి, లేబుల్ లేని పొట్లాలు ఎవరిచ్చినా వాడకండి. లోహాలు కాల్చి చేసే భస్మాలు, పాదరసం కలిపే రస మందులు అయితే ఇంకా జాగ్రత్త, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల అమ్మే ఆయుర్వేద మందులు పరీక్షిస్తే 70లో 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి బయటపడ్డాయని 2004లో ఒక అధ్యయనంలో వచ్చింది. సీసా మీద లైసెన్స్ నంబరు, అందులో ఏమేం కలిపారో, ఎక్స్‌పైరీ ఉన్నాయో లేదో చూసుకోండి, డోసు బాబు బరువు చూసి డాక్టరునే చెప్పమనండి.