తిత్తి అనాలా, కణితి అనాలా?

ప్రశ్న: మా మనవడికి నాలుగేళ్లు. మెడ ముందు భాగంలో, సరిగ్గా మధ్యన రేగ్గాయంత ఉబ్బు కనబడితే నెల్లూరు తీసుకెళ్లాం. రిపోర్టులో 'థైరోగ్లాసల్ సిస్ట్' అని రాశారు. పుట్టుకతో వచ్చిందేనట. మా ఆవిడ 'బిళ్ల కట్టుండాది' అంటుంది. అల్లుడు కణితి అంటాడు. పక్కింటాయన గండమాల అన్నాడు. ఏది సరి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: బిళ్ల అంటే చంకలోనో గజ్జల్లోనో మెడ పక్కనో వాచే లింఫు గ్రంథి. గండమాల అంటే అలాంటి బిళ్లలే మెడ చుట్టూ దండగా లేచే జబ్బు, ఎక్కువగా క్షయ వల్ల. రెండూ ఇక్కడ అతకవు. ఇక కణితి. ఈ మాటను పత్రికలవాళ్లు క్యాన్సర్‌కు అంటగట్టేశారు. 'చిన్నారి మెడలో కణితి' అని హెడ్డింగు పెడితే ఆ తల్లికి ఎంత టెన్షనో రాసినవాడికి పట్టదు.

సిస్టుకు మన దగ్గర తిత్తి ఉండగా వెతుకులాట ఎందుకు? కమ్మరి కొలిమి దగ్గరుండేది తిత్తి, శ్రుతి కోసం ఊదేది తిత్తి, ఒంట్లో మూత్రం నిలిచేదీ తిత్తే. లోపల గాలో నీరో నిలిచే సంచి అన్నమాట. తమిళంలోనూ తిత్తి ఉంది, కన్నడంలో తిది. సంస్కృత 'దృతి' (తోలుసంచి) నుంచి వచ్చిందనేవాళ్లున్నారు; నేను ఒట్టు వేయను గానీ కాదనడానికీ మనసొప్పదు. ఎందుకంటే శస్త్రవిద్య నేర్చే శిష్యులు సొరకాయ, దోసకాయల మీద కోత నేర్చుకోవాలనీ, నీళ్లూ బురదా నింపిన దృతి మీద గాటుపెట్టి తెరవడం నేర్చుకోవాలనీ సుశ్రుతుడు చెప్పాడు. సర్జను చేతికి తిత్తి అప్పటి నుంచీ అలవాటే! 'నీ తిత్తి తీస్తా' అని మనం ఊరికే బెదిరిస్తాం, ఆయన నిజంగానే తీస్తాడు.

అయితే మీవాడి విషయంలో తిత్తి ఒక్కటే అంటే సగమే చెప్పినట్టు. తల్లి కడుపులో థైరాయిడ్ గ్రంథి పుట్టేది నాలుక మొదట్లో. అక్కణ్నుంచి మెడ కిందికి జారుతుంది, ఏడో వారానికల్లా తన చోటికి చేరుతుంది. దిగిన దారిలో సన్నని నాళం మిగులుతుంది. మామూలుగా అది పూడిపోతుంది. ఎక్కడైనా ముక్క మిగిలితే అందులో ద్రవం ఊరి తిత్తి అవుతుంది. అందుకే డాక్టరు పిల్లవాణ్ని నాలుక బయటపెట్టమంటాడు: పెట్టగానే ఉబ్బు పైకి కదులుతుంది. వట్టి తిత్తి తీస్తే మళ్లీ రావచ్చు. 1920లో సిస్ట్రంక్ అనే సర్జను చూపిన పద్ధతిలో హయాయిడ్ ఎముక (గొంతు పైన, నాలుక కింద ఉండే చిన్న ఎముక) మధ్య ముక్కనూ, నాలుక మొదటి వరకు ఆ నాళాన్నీ కలిపి తీస్తారు. కాబట్టి 'నాళపు తిత్తి' అంటే నాకు ఇంకా నచ్చుతుంది, వాడకంలో నిలుస్తుందో లేదో!

మెడ పక్కన వచ్చేవి వేరు. పిండం మెడ దగ్గర ఏర్పడే మడతల మధ్య సందులు, ముఖ్యంగా రెండోది, పూర్తిగా పూడకపోతే వస్తాయి. ఇంగ్లీషులో వీటిని 'బ్రాంకియల్ సిస్టులు' అంటారు; ఆ మాట చూసి 'మొప్పల తిత్తులు' అని అనువదించేవారికో దండం. మనిషి పిండానికి మొప్పలుండవు.

గడ్డ అన్నా తప్పుపట్టను. చీముపట్టి ఎర్రబడితే అదే సరైన మాట. 'పుట్టుకతో వచ్చింది' అన్నదాన్ని మాత్రం 'వంశపారంపర్యం'గా మార్చకండి. చాలావరకు ఇది తాతముత్తాతల నుంచి వచ్చేది కాదు. ఆ మాట పట్టుకుని కోడలి పుట్టింటివాళ్లను ఆడిపోసుకోవడం మన ఇళ్లలో మామూలే కదా.