యేసు తన బోధను కథలుగా ఎందుకు చెప్పాడు?

విన్నవాడు తీర్పును తన నోటితోనే చెప్పుకునేలా చేయడం, యేసు ఉపమానాలతో, అంటే బోధను ఇముడ్చుకున్న చిన్న కథలతో, బోధించడానికి ఒక ముఖ్య కారణం. ఆజ్ఞగా చెబితే వాదనకు దిగే మనిషి, కథగా చెబితే తెలియకుండానే అందులో ఒక పక్షం వహిస్తాడు. లూకా సువార్త 10వ అధ్యాయంలో "నా పొరుగువాడెవడు?" అని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగినప్పుడు యేసు నిర్వచనం ఇవ్వలేదు, యెరికోకు దిగే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని యాజకుడు, ఆలయ సేవకుడైన లేవీయుడు చూసి కూడా పక్కగా పోగా, యూదులకు గిట్టని సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టి పూటకూళ్ల ఇంటికి చేర్చిన కథ చెప్పి, ముగ్గురిలో పొరుగువాడెవడని తిరిగి అడిగాడు. జాలి చూపినవాడేనని అతడు ఒప్పుకున్నాడు. సమరయుడనే మాట మాత్రం, గమనించండి, అతని నోట రాలేదు. చదువురానివారికి సులువుగా అర్థం కావడానికే ఈ కథలన్న అభిప్రాయం పూర్తిగా సరికాదు: మార్కు 4వ అధ్యాయంలో విత్తువాని కథ శిష్యులకే బోధపడక, యేసు దాన్ని విడిగా వివరించవలసి వచ్చింది.