దేశాలకు ర్యాంకులు వేసే ముందు

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నీ థీసిస్ సంగతి మొన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కరోనాకి ఐదు దేశాలు ఎలా వైద్యం చేశాయో పోల్చి, ఎవరు బాగా చేశారో తేలుస్తావట. విని చాలా సంతోషించాను. ఆ రెండేళ్లని అందరూ మర్చిపోవాలనే చూస్తున్నారు. నువ్వు కూర్చుని చదువుతానంటున్నావు. మొదటి వేవ్, రెండో వేవ్ రెండూ డాక్టరుగా వార్డులోనే గడిపిన వాణ్ని కదా, నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను. మీ గైడ్ చెప్పేదానికి అడ్డం వస్తే ఆయన మాటే విను.

ముందు మరణాల లెక్క చూసి తొందరపడకు. పెరూ సంగతే తీసుకో. 2021 మే నెలాఖరు దాకా అక్కడ చనిపోయిన వాళ్లు సుమారు 69 వేలు అన్నారు. మే 31న లెక్క సవరిస్తే 1,80,764 అని తేలింది. ఒక్క రోజులో రెండున్నర రెట్లు పెరిగింది. ఆ రోజు కొత్తగా అంతమంది చనిపోలేదు, లెక్కపెట్టే పద్ధతి మారింది, అంతే. బ్రిటన్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. 2020 ఆగస్టులో, పాజిటివ్ వచ్చిన 28 రోజుల లోపు చనిపోతేనే కరోనా మరణం అని నిర్ణయించేసరికి 5 వేలకు పైగా మరణాలు లెక్కలోంచి పోయాయి. బెల్జియం అయితే వృద్ధాశ్రమాల్లో టెస్టు చేయకపోయినా, అనుమానం ఉంటే చాలు, కరోనా కిందే రాసింది. అందుకే మొదట్లో ఆ దేశం పేరు అంత చెడింది. నిజాయితీగా లెక్క రాసినవాడు చెడ్డవాడిలా, రాయనివాడు మంచివాడిలా కనబడ్డ రోజులవి.

కాబట్టి అదనపు మరణాలు చూడు. మామూలు ఏడాదిలో ఎంతమంది పోతారు, ఆ ఏడాది ఎంతమంది పోయారు, ఆ రెంటికీ తేడా. 2020, 2021 రెండేళ్లకీ కలిపి ప్రపంచమంతా సుమారు 1 కోటి 49 లక్షలని డబ్ల్యూహెచ్‌వో అంచనా. అందులో మన దేశానివి 47 లక్షలన్నారు. మన ప్రభుత్వ లెక్క అప్పటికి 4 లక్షల 80 వేల చిల్లర. ఆ అంచనా వేసిన పద్ధతే తప్పని మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. నువ్వు రెండు అంకెలూ రాయి, అభ్యంతరమూ రాయి. ఏ ఒక్కటి దాచినా నీ థీసిస్‌కి విలువ పోతుంది.

వయసు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. జపాన్‌లో సగం మంది 48 దాటినవాళ్లు, మన దగ్గర సగం మంది 28 లోపు వాళ్లు. వయసుల వారీగా విడదీయకుండా ఆ రెండు దేశాలనీ ఒకే టేబుల్లో పెట్టకు.

ఇప్పుడు అసలు వైద్యానికి వద్దాం. మంచాలు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే కాదు, ఆ మంచం మీద ఎవరిని పడుకోబెట్టారో చూడమ్మా. దక్షిణ కొరియాలోని డేగు నగరంలో 2020 ఫిబ్రవరి చివర కేసులు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. పాజిటివ్ వచ్చిన ప్రతివాళ్లనీ ఆసుపత్రిలో చేర్చేసరికి మంచాలు నిండిపోయి, మంచం కోసం ఎదురుచూస్తూ ఇంట్లోనే చనిపోయిన వాళ్లున్నారు. వాళ్లు వెంటనే పద్ధతి మార్చారు. రోగం తీవ్రతని బట్టి నాలుగు రకాలుగా విడదీసి, తేలికగా ఉన్నవాళ్లని మార్చి నెల మొదటి వారం నుంచే ట్రైనింగ్ సెంటర్లకీ, డార్మిటరీలకీ పంపారు. అక్కడా డాక్టర్లనీ నర్సులనీ పెట్టారు. ఆసుపత్రి మంచాలు ఊపిరాడని వాళ్లకి మిగిలాయి. 2015లో మెర్స్ అనే, కరోనా లాంటిదే ఇంకో వైరస్ జబ్బు వచ్చి 186 మందికి సోకి, 38 మంది చనిపోయినప్పుడు తిన్న దెబ్బ వాళ్లకి గుర్తుంది. మన కోవిడ్ కేర్ సెంటర్లూ ఆ ట్రైనింగ్ సెంటర్ల లాంటివే. కానీ 2021 ఏప్రిల్, మే నెలల్లో నేను చూసింది వేరు. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 97 ఉన్నవాళ్లు భయంతో మంచం వదలరు, 80 ఉన్నవాళ్లు గేటు బయట ఆటోలో ఉంటారు. పేషెంట్లని ఎవరు, ఎక్కడ, ఏ కొలతతో విడదీశారన్నది నీ థీసిస్‌లో ఒక పూర్తి అధ్యాయం కావాలి.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పదలచుకున్నది మందుల గురించి. ఏ దేశం ఏ మందు వాడిందని రాస్తే సరిపోదు. అది పనిచేయదని తెలిసిన తేదీ ఒక కాలమ్‌లో, వాడకం మానేసిన తేదీ పక్క కాలమ్‌లో వేయి. మధ్యలో ఎన్ని రోజులో లెక్కపెట్టు. అమెరికా 2020 మార్చి 28న హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందుకి అత్యవసర అనుమతి ఇచ్చింది. అది పనిచేయదని జూన్ 5న బ్రిటన్ ట్రయల్, అంటే పేషెంట్ల మీద మందుని పరీక్షించి చూసే అధ్యయనం, చెప్పింది. జూన్ 15న అమెరికా అనుమతి వెనక్కి తీసుకుంది. మన సంగతి చెప్పడానికే నాకు బాధ. కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసి ఎక్కించే ప్లాస్మా మీద మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మందితో ట్రయల్ చేసింది. ప్రాణాలు నిలబెట్టడంలో ఉపయోగం లేదని 2020 అక్టోబరులోనే అచ్చయింది. మనవాళ్లు చేసిన మంచి ట్రయల్ అది. కానీ గైడ్‌లైన్స్‌లోంచి ప్లాస్మాని తీసేసింది 2021 మే 17న. ఆ ఏడు నెలలూ డోనర్ కోసం ఎన్ని కుటుంబాలు ఊళ్లు పట్టుకు తిరిగాయో! ఒక కొడుకు నా కాళ్లు పట్టుకుని, ప్లాస్మా రాయండి సార్, ఎంతైనా తెస్తానన్నాడు. పనిచేయదని చదివి కూడా రాశాను. తెల్లారి వాళ్ల నాన్న పోయాడు. ఆ అబ్బాయిని ఆ రాత్రంతా తండ్రి పక్కన కూర్చోనివ్వకుండా రోడ్ల మీద తిప్పింది నేను రాసిన చీటీయే. నేను మర్చిపోలేనమ్మా.

అలాగే ఒకే మందు రెండు చోట్ల ఏమైందో చూడు. డెక్సామెథాసోన్ మన పీహెచ్‌సీల్లో కూడా దొరికే చవక స్టెరాయిడ్ మందు. బ్రిటన్‌లో రికవరీ అనే ట్రయల్ 2020 మార్చిలో మొదలై జూన్ 16కల్లా జవాబు చెప్పింది. వెంటిలేటర్ మీద ఉన్న నూరు మందిలో 41 మంది పోయేచోట 29 మంది పోయారు. ఉత్త ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26కి బదులు 23. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం ఏ ఉపయోగమూ కనబడలేదు. మనమూ ఆ నెల 27నే గైడ్‌లైన్స్‌లో చేర్చుకున్నాం, ఆలస్యం చేయలేదు. కానీ చివరి ముక్క మన ఊళ్లకి చేరలేదు. రెండో వేవ్‌లో జ్వరం వచ్చిన రెండో రోజే ఇళ్లలో స్టెరాయిడ్ వేసుకున్నారు. దానివల్ల పెరిగే షుగర్ ఎంతుందో చూసేవాడు లేడు. ఆ తర్వాత బ్లాక్ ఫంగస్‌తో కళ్లు పోగొట్టుకున్న వాళ్లు మా దగ్గరికి వచ్చారు.

ఇక బ్రిటన్‌కి నువ్వు ఏ ర్యాంకు వేస్తావు? లాక్‌డౌన్ ఆలస్యమైంది. 2020 ఏప్రిల్ మధ్య వరకు టెస్టు చేయకుండానే ముసలివాళ్లని ఆసుపత్రుల నుంచి వృద్ధాశ్రమాలకి పంపేశారు. చాలామంది పోయారు. అదే దేశం 170కి పైగా ఆసుపత్రుల్లో, పేషెంట్లు కిటకిటలాడుతున్న వార్డుల్లోనే ట్రయల్ నడిపి, ప్రపంచానికంతటికీ పనికొచ్చే జవాబు మూడు నెలల్లో ఇచ్చింది. రెంటినీ కలిపి ఒక మార్కు ఎలా వేస్తాం? వేయకు. విడివిడిగా రాయి.

ప్రతి అంకె పక్కనా నెల, ఏడాది ఉండాలి. 2022 మార్చిలో కొరియాలో ఒకే రోజు 6 లక్షలకు పైగా కేసులు వచ్చాయి. కానీ అప్పటికి పెద్దవాళ్లకి టీకాలు పడ్డాయి, వచ్చింది డెల్టా కన్నా తేలికైన ఒమిక్రాన్ రకం. దాన్ని తెచ్చి 2021 మేలో మన డెల్టా పక్కన పెడితే అది పోలిక కాదు.

ఐదు దేశాలు వద్దు, మూడు చాలు. బ్రిటన్, కొరియా, మన దేశం. ముందు ఆ తేదీల టేబుల్ ఒక్కటి తయారు చేసి నాకు పంపు, కళ్లజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తాను. ఆ రెండేళ్లూ డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు నేను రాసుకున్న నోట్‌బుక్ బీరువాలో ఉంది. పేర్లు లేవు. వయసు, వచ్చినప్పటి సాచురేషన్, ఏ మందు ఎన్నో రోజున మొదలుపెట్టాం, ఇంటికి వెళ్లారా లేదా అన్నవి ఉన్నాయి. ఎథిక్స్ కమిటీని అడిగి, వాళ్లు సరేనంటే దసరా సెలవులకి వచ్చి పట్టుకెళ్లు.

మీ మామయ్య