టెక్ సందేహాలు: ఎవరూ లేని గదికి వేడి ఎందుకు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని కలిపి ఇస్తున్నాను. ఒకటి చికాగో చలి గురించి, మిగతావి మన గీజర్లు, ఏసీల గురించి. నాలుగింటిలోనూ అడిగింది ఒకటే: స్మార్ట్ పరికరం పెడితే బిల్లు నిజంగా తగ్గుతుందా?

మాది గుంటూరు లక్ష్మీపురం. చలికాలమంతా చికాగో దగ్గర మా అమ్మాయి వాళ్లింట్లో ఉన్నాం. గోడకి స్మార్ట్ థర్మోస్టాట్ (ఇంటి వేడిని అదుపు చేసే పరికరం) ఉంది. అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకి వెళ్లిన కాసేపటికే ఇల్లు చల్లబడిపోయేది. పెంచితే మళ్లీ దానంతటదే తగ్గేది. గ్యాస్ బిల్లు తగ్గడానికే అలా పెట్టామంటారు పిల్లలు. చల్లబడిన ఇంటిని మళ్లీ వేడెక్కించాలంటే గ్యాస్ ఇంకా ఎక్కువ అవదా? ఈ ఏడాదీ వెళ్తున్నాం. – విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు

మీరు వణికింది థర్మోస్టాట్ పాడై కాదండీ. అది మిమ్మల్ని లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల అయి ఉండాలి. ఈ పరికరాల్లో చాలావాటికి ఇంట్లో మనుషులున్నారో లేదో ఫోన్ల లొకేషన్ బట్టి తెలుస్తుంది. యాప్‌లో ఉన్నవి అమ్మాయి ఫోను, అల్లుడి ఫోను. ఆ రెండూ గడప దాటగానే ఇల్లు ఖాళీ అనుకుని ‘అవే’ మోడ్‌లోకి పోతుంది. కొన్నింటికి కదలికను పట్టే సెన్సర్ కూడా ఉంటుంది కానీ, అది హాల్లో ఉండి మీరు వెనక గదిలో కూర్చుంటే ఉపయోగం లేదు. ఈసారి వెళ్లగానే మీ ఫోన్లను కూడా అదే యాప్‌లో కుటుంబ సభ్యులుగా చేర్చమనండి. లేదా మీరున్నన్నాళ్లూ ‘అవే’ని ఆపేసి, గంటల ప్రకారం షెడ్యూల్ పెట్టమనండి. కొన్ని మోడళ్లకు విడి సెన్సర్లు దొరుకుతాయి. ఒకటి మీ పడగ్గదిలో పెట్టి, రాత్రి పూట దాని లెక్కే చూడమని చెప్పొచ్చు.

మీ రెండో సందేహం అక్కడివాళ్లకీ ఉంది, కానీ నిజం కాదు. ఇంట్లోంచి వేడి ఎంత త్వరగా బయటికి పోతుందన్నది లోపలికీ బయటికీ మధ్య ఉష్ణోగ్రత తేడాని బట్టి ఉంటుంది. ఇల్లు చల్లగా ఉన్నంతసేపూ పోయే వేడి తక్కువ. తిరిగి వేడెక్కించడానికి అయ్యే గ్యాస్ కంటే ఆ గంటల్లో మిగిలేదే ఎక్కువ. రోజుకి 8 గంటలపాటు 7 నుంచి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గించి ఉంచితే ఏడాదికి వేడి, చల్లదనం ఖర్చులో 10 శాతం దాకా ఆదా చేయొచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. అక్కడ ఇంటింటా ఫర్నేస్‌లో మండే సహజ వాయువు ఒక్కో థర్మ్‌కీ (గ్యాస్ బిల్లులో వాడే కొలత) సుమారు 5.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది కాబట్టి ఈ పొదుపు గాలికీ మేలే. ఇల్లు ఫర్నేస్‌తో కాక, బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంపుతో వేడెక్కేదైతే మాత్రం ఒక్కసారిగా ఎక్కువ తగ్గించి పెంచకూడదు. అందుకోలేక పక్కనున్న కరెంటు కాయిల్‌ని ఆన్ చేస్తుంది, మిగిలిందంతా అక్కడే పోతుంది.

అయితే ఆదా చేయాల్సింది మనుషులు లేని గంటల్లో, దుప్పటి కప్పుకుని పడుకున్న గంటల్లో. పెద్దవాళ్లు మేలుకుని కూర్చున్న గదిలో కాదు. ఇంట్లో కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది, అంటే 64 ఫారెన్‌హీట్ పైమాట. పగలు 68 కంటే తగ్గనివ్వొద్దని పిల్లలకి మొహమాటం లేకుండా చెప్పండి. పది డాలర్లు మిగల్చడానికి అమ్మానాన్నలు స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకోవాల్సిన పని లేదు.

విజయవాడ గవర్నర్‌పేటలో మాకు 20 గదుల లాడ్జి ఉంది. ప్రతి గదికీ 15 లీటర్ల గీజరు. బాయ్స్ ఆపరు, కస్టమర్లూ ఆపరు. అన్నిటికీ వైఫై స్విచ్‌లు పెట్టి ఒక్క యాప్‌తో నడిపిస్తామని, వాటి కరెంటు ఖర్చు సగం అవుతుందని ఒకాయన కొటేషన్ ఇచ్చారు. నమ్మొచ్చా? – లాడ్జి యజమాని

సగం అవదు. కొటేషన్ మీద సంతకం పెట్టేముందు ఈ లెక్క చూడండి.

15 లీటర్ల నీళ్లని 27 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 0.58 యూనిట్ కావాలి. ఏ స్విచ్ పెట్టినా ఇది తగ్గదు, కస్టమర్ స్నానం చేయాల్సిందే కదా. తగ్గించగలిగింది రెండో ముక్క: కాగిన నీళ్లు వాడకుండా ట్యాంకులోనే ఉన్నప్పుడు ఒంట్లోంచి పోయే వేడి. స్టార్ లేబుల్ ఉన్న గీజరైతే దాని మీద ‘స్టాండింగ్ లాస్’ అని 24 గంటలకి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఓసారి చదవండి. ఉదాహరణకి 0.5 ఉందనుకుందాం. అది నీటికీ గదికీ మధ్య 45 డిగ్రీల తేడా ఉన్నప్పటి లెక్క. బెజవాడలో గది ఎప్పుడూ వెచ్చనే, తేడా 30 చిల్లరే, కాబట్టి 0.35 అనుకోండి. 20 గీజర్లూ రోజంతా ఆన్‌లో ఉంటే రోజుకి 7 యూనిట్లు, నెలకి 210. స్విచ్ పెట్టి గంటల తరబడి ఆపినా ఇదంతా మిగలదు, ఎందుకంటే చల్లారిన నీళ్లని మళ్లీ కాచాలి. సగం మిగిలితే 100 యూనిట్లు. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున నెలకి 70 కిలోలు తగ్గినట్టు. ఇది మంచిదే, కాదనను. కానీ 20 వైఫై స్విచ్‌ల ఖరీదు రాబట్టడానికి ఎన్ని నెలలు పడుతుందో మీ యూనిట్ రేటుతో మీరే వేసుకోండి. లేబుల్ లేని పాత గీజర్లైతే ఈ నష్టం ఎక్కువ ఉంటుంది, అప్పుడు ముందు మార్చాల్సింది గీజర్లనే.

దీనికంటే చౌకైన దారి మీ లాడ్జిలోనే ఉండొచ్చు. తలుపు పక్కన కీ ట్యాగ్ పెట్టే హోల్డర్ ఉందా? చాలా చోట్ల ట్యాగ్ తీస్తే లైట్లు, ఏసీ ఆగుతాయి గానీ గీజరు పాయింటు వేరే లైన్ మీద ఉండిపోతుంది. ఎలక్ట్రీషియన్‌తో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పెట్టించి గీజర్నీ ఆ ట్యాగ్ కిందికి తెప్పించండి. ఖాళీ గదిలో గీజరు కాగడం ఆ రోజు నుంచే ఆగుతుంది, బాయ్‌కి చెప్పాల్సిన పనీ ఉండదు. ఒక ఇబ్బంది ఉంది: 2 కిలోవాట్ల గీజరుకి నీళ్లు కాగడానికి 17, 18 నిమిషాలు పడుతుంది. అప్పుడే బస్సు దిగి, స్నానం చేసి అమ్మవారి దర్శనానికి పరుగెత్తే భక్తుడు అంతసేపు ఆగడు. రిసెప్షన్‌లో రిజిస్టర్ రాస్తుండగానే బాయ్ వెళ్లి ట్యాగ్ పెట్టేస్తే ఆ ఇబ్బందీ తీరుతుంది.

బిల్లులో పెద్ద మార్పే కావాలంటే డాబా మీద సెంట్రల్ హీట్ పంపు గురించి ఆలోచించండి. అది కాయిల్‌తో నీళ్లు కాచదు, బయటి గాలిలోని వేడిని లాగి నీటికి ఎక్కిస్తుంది. అందుకే అదే నీటికి గీజరు తినే కరెంటులో సుమారు మూడో వంతు సరిపోతుంది. గాలి ఎంత వేడిగా ఉంటే అంత సులువుగా పని చేస్తుంది, మన ఊళ్లో ఆ లోటు లేదు. స్మార్ట్ కంట్రోల్‌కి అసలు పని దొరికేదీ ఇక్కడే. గదులకి వేడినీళ్లు తిప్పే పంపు చాలా భవనాల్లో 24 గంటలూ నడుస్తూ, పైపుల పొడవునా వేడిని గోడలకి పంచుతుంటుంది. తిరిగొచ్చే పైపు మీద ఒక ఉష్ణోగ్రత సెన్సర్, పంపుకి ఒక టైమర్ పెడితే నీళ్లు చల్లబడినప్పుడే తిరుగుతుంది. తెల్లవారుజామున 3 గంటల నుంచి ఉదయం 9 దాకా ధారాళంగా, మధ్యాహ్నం పొదుపుగా, దసరా పది రోజులకీ వేరే షెడ్యూల్‌తో నడుపుకోవచ్చు. పైపులకి ఇన్సులేషన్ తొడిగించకుండా మాత్రం ఏ సెన్సరూ కొనకండి. ట్యాంకు ఉష్ణోగ్రతని పొదుపు పేరుతో 60 కంటే తగ్గించొద్దు. గోరువెచ్చని నిలవ నీటిలో లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది.

ఏది కొన్నా, ఇంటర్నెట్ లేకపోయినా గోడ మీద స్విచ్‌తో పని చేస్తుందా, కంపెనీ సర్వర్ ఆపేస్తే పరిస్థితేంటి అని అడగండి. 2011, 2012లో వచ్చిన మొదటి రెండు తరాల నెస్ట్ థర్మోస్టాట్లకి గూగుల్ 2025 అక్టోబరు 25తో మద్దతు ఆపేసింది. గోడ మీద పని చేస్తాయి, ఫోన్ నుంచి మాత్రం నడవవు. గూగుల్ అంతటి కంపెనీ సరుకే అలా అయినప్పుడు, ఊరూ పేరూ లేని యాప్‌ని నమ్మి 20 గదుల్ని అప్పగించడం నాకు నచ్చదు.

మా ఇంట్లో 2 కిలోవాట్ల గీజరు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి వచ్చిందని స్మార్ట్ ప్లగ్ కొన్నాను. పొద్దున్నే టైమర్‌తో ఆన్ అవుతోంది కానీ ప్లగ్ వేడెక్కి, వాసన వస్తోంది. – గృహిణి, పటమట

వెంటనే తీసేయండమ్మా. ప్లగ్ వెనక చిన్న అక్షరాల్లో 10 ఆంపియర్లు అని ఉందేమో చూడండి. మీ గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది గానీ, చౌక రకం ప్లగ్‌లో రిలే (లోపలి స్విచ్), పిన్నులు ఆ బరువుని ఇరవై నిమిషాలు ఏకధాటిగా మోయలేవు. గీజరుకి ఐఎస్‌ఐ గుర్తున్న 16 ఆంపియర్ల ప్లగ్ కావాలి. సాకెట్ లోపల వదులుగా ఉన్నా, నల్లబడినా అది కూడా మార్పించాలి. కొత్తది పెట్టాక సెట్టింగ్స్‌లో, కరెంటు పోయి వచ్చినప్పుడు ‘ఆఫ్’లోనే ఉండాలని ఎంచుకోండి. లేకపోతే మీరు ఊళ్లో లేనప్పుడు కరెంటు వచ్చిన క్షణం గీజరు మొదలవుతుంది. యూనిట్లు చూపించే రకం తీసుకుంటే వారం రోజుల్లో మీ ఇంటి లెక్క మీకే తెలుస్తుంది.

పాత ఏసీని అదే స్మార్ట్ ప్లగ్‌తో ఆపొచ్చా? రాత్రి 18లో పెట్టి పడుకుంటే తెల్లారేసరికి వణుకు. పైగా ఏటా వేసవి ముందు గ్యాస్ నింపించాల్సి వస్తోంది. – ఉద్యోగి, గుంటూరు బ్రాడీపేట

నడుస్తున్న ఏసీకి ప్లగ్ దగ్గర కరెంటు తెంచితే కంప్రెసర్‌కి మంచిది కాదు. ప్లగ్ బదులు ఐఆర్ బ్లాస్టర్ కొనండి. అది మీ రిమోట్ పంపే సంకేతాల్నే పంపుతుంది. పడుకునేటప్పుడు 24, రెండింటికి 26, అయిదింటికి ఆఫ్, ఫ్యాను మాత్రం ఆన్‌లోనే అని పెట్టుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని స్టార్ లేబుళ్లిచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ 24తోనే మొదలయ్యేలా చేసింది అందుకే. బ్లాస్టర్‌కి ఏసీ ఎదురుగా కనపడాలి, మధ్యలో కర్టెన్ అడ్డుంటే ఆదేశం చేరదు, యాప్ మాత్రం చేరిందనే చూపిస్తుంది.

నన్ను ఎక్కువ ఆందోళన పెట్టింది మీ చివరి మాట. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో లీకవుతోంది. బయటి యూనిట్ మీద స్టిక్కర్ చూడండి, ఏ రకం గ్యాసో రాసి ఉంటుంది. ఆర్-410ఏ అయితే ఒక్క కిలో గాలిలో కలిస్తే 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత. అది దాదాపు 3,000 యూనిట్ల కరెంటు కాల్చినదానితో సమానం, ఏ యాప్ గ్రాఫ్‌లోనూ కనిపించదు. ఆర్-22 అయితే 1,810. ఈసారి మెకానిక్ సిలిండర్ భుజాన వేసుకుని వస్తే నేరుగా నింపనివ్వకండి. ముందు నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాసి లీకు పట్టమనండి. వెల్డింగ్ చేయించి, వ్యాక్యూమ్ పంపు పెట్టించాకే, తూకం వేసి గ్యాస్ ఎక్కించమనండి. కూలింగ్ కాయిలే తుప్పు పట్టి చిల్లులు పడితే దాన్ని మార్చడమో, కొత్త ఏసీ కొనడమో తేల్చుకోండి. ఐఆర్ బ్లాస్టర్ సంగతి ఆ తర్వాత.